డాబా మీది యాంటెన్నాకు మళ్లీ కొలువు

పాత డాబాల మీద ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. జీఐ పైపుకో, వెదురు బొంగుకో బిగించిన అల్యూమినియం చట్రం. మధ్యలో పొడుగాటి పట్టీ, దానికి అడ్డంగా ఐదో ఆరో కడ్డీలు. ఒక కడ్డీ మాత్రం రెండు చివర్లా మడిచి ఉంటుంది, దాని కింద నల్లటి ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బాలోంచి బయల్దేరిన బద్దీలాంటి వైరు సగం దారిలోనే తెగి గోడకు వేలాడుతూ ఉంటుంది. కాకులు వాలి వాలి ఒకటి రెండు కడ్డీలు కిందికి వంగి ఉంటాయి. బట్టలారేసే తాడు కట్టడానికి తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 80ల మధ్యకు వచ్చేసరికి చిన్న పట్టణాల్లోనూ రిలే కేంద్రాలు వెలిశాయి. ఆ రోజుల్లో ఇంటి మీద యాంటెన్నా ఉందంటే ఇంట్లో టీవీ ఉందని ఊరందరికీ తెలిసినట్టే. తర్వాత కేబుల్ వచ్చింది, ఆ తర్వాత డిష్ వచ్చింది. చివరికి దూరదర్శనే తన అనలాగ్ భూతల ప్రసారాలను ఒక్కొక్కటిగా కట్టేసుకుంటూ వచ్చి, 2022 నాటికి దాదాపు అన్నిటినీ ఆపేసింది. అంటే ఆ యాంటెన్నా ఏ తరంగాల కోసం పుట్టిందో ఆ తరంగాలే ఇప్పుడు దాదాపుగా గాలిలో లేవు. పాత ఇనుము సామాన్ల బండి వచ్చినప్పుడు దాన్ని దించి కిలోల లెక్కన అమ్మేయడం సహజమే.

అమ్మొద్దని చెప్పడానికే ఈ అధ్యాయం. అల్యూమినియం కడ్డీకి దూరదర్శన్ అంటే ఏమిటో తెలియదు. తన పొడవుకు సరిపడే తరంగం ఏది తగిలినా అది స్పందిస్తుంది. ఆ తరంగం రామాయణం సీరియల్‌ని మోసుకొచ్చిందా, భూమికి 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మని మోసుకొచ్చిందా అన్నది దానికి అనవసరం. పొడవు సరిచేసి, కీళ్లు శుభ్రం చేసి, సరైన వైపు తిప్పితే, అంగట్లో కొన్న చిన్న కడ్డీ యాంటెన్నాతో ఏమీ వినపడని స్కానర్‌కి ఈ తుక్కు చెవులు తెప్పిస్తుంది.

స్కానర్ అంటే ఒక రకం రేడియో రిసీవర్. మామూలు రేడియోలో మనం ఒక స్టేషన్ దగ్గర ఆపి వింటాం. స్కానర్ మాత్రం మనం చెప్పిన ఫ్రీక్వెన్సీల జాబితాను చకచకా తిరగేస్తూ, ఎక్కడ మాట వినపడితే అక్కడ ఆగుతుంది. 1970లలో ఇవి అమెరికాలో ఇళ్లకు చేరాయి. మొదట్లో ఒక్కో ఛానెల్‌కి ఒక్కో క్వార్ట్జ్ స్ఫటికం కొని బిగించుకోవాల్సి వచ్చేది. కేబుల్ టీవీ వచ్చి ఇళ్ల కప్పుల మీది టీవీ యాంటెన్నాలు ఖాళీ అయ్యాక, అక్కడి స్కానర్ శ్రోతలు వాటినే తొంభై డిగ్రీలు తిప్పి వాడుకోవడం మొదలుపెట్టారు. ఆ కిటుకు మనకూ అంతే చక్కగా పనికొస్తుంది.

ఇప్పుడైతే వేలెడంత డాంగిల్ ఒకటి కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, అదే స్కానర్. దాని కథ నాకు చాలా ఇష్టం. ఆర్‌టీఎల్2832యూ అనే చిప్‌ను కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూసుకోవడానికి తయారు చేశారు. అది యూరప్ తదితర చోట్ల వాడే డీవీబీ-టీ పద్ధతికి పనికొచ్చేది. మన దూరదర్శన్ డిజిటల్‌కి ఎంచుకున్నది డీవీబీ-టీ2, కాబట్టి మన ఊళ్లో టీవీగా దానికి పనే లేదు. కానీ ఆ చిప్‌ను ఇంకో రకంగా నడిపితే, గాలిలోంచి అందుకున్న సంకేతాన్ని వడకట్టకుండా, ముడి అంకెలుగా కంప్యూటర్‌కి ఇచ్చేస్తుందని 2012లో ఫిన్లాండ్‌కి చెందిన ఆంటీ పాలోసారి బయటపెట్టాడు. ఓస్మోకామ్ బృందం దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. దాదాపు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1700 మెగాహెర్ట్జ్ పైదాకా ఏదైనా వినగల రిసీవర్ అలా మామూలు మనిషి చేతికొచ్చింది. టీవీ కోసం పుట్టి టీవీ పని పోగొట్టుకున్న డాంగిల్, టీవీ కోసం పుట్టి టీవీ పని పోగొట్టుకున్న యాంటెన్నా ఒక వైరు చివర్లలో కలుసుకోవడమే మనం ఇక్కడ చేయబోయే పని.

ముందుగా చట్టం మాట. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడానికే లైసెన్సు ఉండాలన్నది మన దేశంలో మూలసూత్రం. పోలీసుల సంభాషణలూ, విమానాల సంభాషణలూ మన కోసం చేసినవి కావు. వాటి జోలికి పోవద్దు. ఈ సరదాకి రాచబాట అమెచ్యూర్ రేడియో, అంటే హామ్ లైసెన్సు. 12 ఏళ్లు నిండిన వాళ్లెవరైనా ఆ పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. పరీక్ష రాసి వచ్చిన వాళ్లకి వినడంతో పాటు మాట్లాడే హక్కు కూడా దక్కుతుంది. పిల్లలున్న ఇళ్లలో పెద్దవాళ్లు కూడా కలిసి రాస్తే మరీ బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక కడ్డీ దగ్గరికి వద్దాం. రేడియో తరంగం లోహపు కడ్డీని తాకితే కడ్డీలోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతాయి. కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉన్నప్పుడు ఆ కదలిక అన్నిటికంటే జోరందుకుంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణానికి సరిగ్గా తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తుకు పోతుందో, ఇదీ అంతే. భౌతికశాస్త్రంలో దీన్ని అనునాదం అంటారు. లెక్క చాలా సులువు. 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో సగం తీసుకుని, కడ్డీ మందానికీ చివరల ప్రభావానికీ ఐదు శాతం తగ్గిస్తే డైపోల్, అంటే వైరు తగిలే ప్రధాన కడ్డీ, పొడవు వచ్చేస్తుంది.

మన టీవీ ప్రసారాలు వీహెచ్‌ఎఫ్‌లో రెండు చోట్ల ఉండేవి. 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ వరకు ఒక బ్యాండు, 174 నుంచి 230 వరకు ఇంకొకటి. 200 మెగాహెర్ట్జ్‌కి లెక్కేస్తే డైపోల్ 71 సెంటీమీటర్లు వస్తుంది. కింది బ్యాండుకైతే రెండు మీటర్లకు పైనే. అందుకే కొన్ని ఊళ్లలో యాంటెన్నాలు మూరెడు కడ్డీలతో ముచ్చటగా ఉంటే, కొన్ని ఊళ్లలో డాబా మీద పెద్ద నిచ్చెన అడ్డంగా పెట్టినట్టుండేవి. మీ ఇంటి మీద ఉన్నది ఏ బ్యాండుదో టేపు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. ఆ కొలత మీదే తర్వాతి పని అంతా ఆధారపడి ఉంటుంది.

మిగతా కడ్డీల సంగతేమిటి? వైరు తగిలేది మడత డైపోల్‌కి మాత్రమే. దాని వెనక ఉన్న కాస్త పొడుగు కడ్డీ రిఫ్లెక్టర్, ముందున్న పొట్టి కడ్డీలు డైరెక్టర్లు. వీటికి వైరుతో సంబంధమే లేదు. తరంగం తగలగానే ఇవి కూడా కంపించి, తమ వంతుగా తిరిగి తరంగాన్ని వెదజల్లుతాయి. పొడవుల్లోని చిన్న తేడా వల్ల ఆ తరంగాలన్నీ ముందు వైపు నుంచి వచ్చే సంకేతానికి డైపోల్ దగ్గర కలిసొస్తాయి, వెనక నుంచి వచ్చేదాన్ని రద్దు చేస్తాయి. ఐదు కడ్డీల యాంటెన్నా ఒంటి డైపోల్ కంటే ముందు వైపు నుంచి నాలుగైదు రెట్లు ఎక్కువ శక్తిని అందుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అల్యూమినియం ముక్కల మధ్య దూరమే ఆ పని చేసిపెడుతుంది. ఇందులోని తెలివికి ఇన్నేళ్లయినా నా ఆశ్చర్యం తగ్గలేదు.

ఈ ఆలోచన జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో 1926లో పుట్టింది. ప్రయోగాల్లో ఎక్కువ భాగం చేసినవాడు షింతారో ఉదా. ఆయన ఆచార్యుడు హిదెత్సుగు యాగీ దాన్ని 1928లో ఇంగ్లీషు వ్యాసంగా ప్రపంచానికి పరిచయం చేయడంతో పేరులో యాగీ నిలిచిపోయి ఉదా చాలాసార్లు మరుగున పడ్డాడు. స్వదేశంలో సైన్యం దాన్ని పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ తమ వశమయ్యాక అక్కడ దొరికిన బ్రిటిష్ రాడార్ కాగితాల్లో ‘యాగీ’ అన్న మాట పదే పదే కనిపిస్తే, అదేమిటో జపాన్ అధికారులకు అర్థం కాలేదు. చివరికి ఒక బ్రిటిష్ ఖైదీ చెప్పాల్సి వచ్చింది, అది జపాన్ ఆచార్యుడి పేరేనని. మన డాబా మీద కాకులు వాలేది ఆ ఇద్దరి ఆలోచన మీదే.

ఇప్పుడు యాంటెన్నాను కిందికి దించండి. దించేటప్పుడు చుట్టుపక్కల కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో ముందు చూడండి. పైపు చేతిలో ఊగి తీగకు తగిలితే ప్రాణం పోతుంది. ఒక్కరే చేయకండి, గాలి వీచే రోజు అసలు చేయకండి. తిరిగి ఎక్కించినప్పుడు పైపును మందపాటి రాగి తీగతో ఎర్త్‌కి కలపండి. ఉరుములు వినపడగానే డాంగిల్ నుంచి వైరు పీకేసి బయట పెట్టండి. ఇది చాదస్తం అనుకోవద్దు.

కింద పెట్టి నల్ల డబ్బా మూత తీస్తే సాధారణంగా కనిపించేది ఇది. రెండు బోల్టులు తుప్పు పట్టి ఎర్రబడి ఉంటాయి. వాటి కింద అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆ పొడి అల్యూమినియం ఆక్సైడు, కరెంటును పారనివ్వదు. రాగి తీగ అల్యూమినియంకి నేరుగా తగిలిన చోట ఇంకా ఘోరంగా ఉంటుంది. తేమ చేరితే ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా మారతాయి, అందులో అల్యూమినియం కరిగిపోతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ తినివేత మరీ వేగం. పైగా తుప్పు పట్టిన కీలు డయోడ్‌లా కూడా ప్రవర్తిస్తుంది. దగ్గర్లోని బలమైన స్టేషన్ల సంకేతాలను ఒకదాంతో ఒకటి కలిపేసి, గాలిలో నిజంగా లేని కొత్త సంకేతాలను పుట్టిస్తుంది. స్కానర్ అర్థం లేని చోట ఆగి గరగరమంటూ ఉంటే అనుమానించాల్సింది ముందు ఈ బోల్టునే.

ఎమెరీ కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్దండి. బోల్టులు, నట్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొత్తవి వేయండి. కీలు బిగించాక పైన కొద్దిగా గ్రీజు పూసి టేపు చుట్టండి. తర్వాత మల్టీమీటర్‌తో డైపోల్ రెండు కొసల మధ్య చూడండి. మీటర్ బీప్ మనాలి. కొత్తగా చేసేవాళ్లు అది విని షార్టయిందని కంగారు పడుతుంటారు. మడత డైపోల్ నిజానికి ఒకే లోహపు చుట్టు, కాబట్టి నేరు కరెంటుకి అది షార్టులాగే కనిపించాలి. బీప్ రాకపోతేనే ఎక్కడో విరిగిందన్నమాట.

బద్దీ వైరును మాత్రం పారేయండి. దాని ఇంపిడెన్స్ 300 ఓములు, మడత డైపోల్ ఇంపిడెన్స్ కూడా అంతే, అందుకే అప్పట్లో ఆ జోడీ కుదిరింది. కానీ ఎండకు పగిలి, వానకు తడిసిన ఆ వైరు సంకేతాన్ని దారిలోనే తినేస్తుంది. దాని బదులు డబ్బాలో 300 ఓములను 75 ఓములకు మార్చే చిన్న బాలన్ పెట్టి, అక్కడి నుంచి కేబుల్ టీవీ వాళ్లు వాడే ఆర్‌జీ-6 వైరు దించండి. డాంగిల్‌కి 50 ఓములైతే బాగుంటుందని, 75 ఓముల వైరు పనికిరాదని కొందరు వాదిస్తారు. లెక్కేస్తే ఆ తేడా వల్ల వెనక్కి మళ్లే శక్తి నాలుగు శాతం మాత్రమే, వినికిడిలో తేడా తెలియదు. వైరు నాణ్యతలో తేడా మాత్రం బాగా తెలుస్తుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి ఆర్‌జీ-58 వైరు 20 మీటర్లలో సంకేతంలో సగానికి పైగా మింగేస్తుంది. ఆర్‌జీ-6 అదే దూరంలో మూడో వంతు కంటే ఎక్కువ పోనివ్వదు. ఒక జాగ్రత్త ఏమిటంటే ఆర్‌జీ-6 పై అల్లిక అల్యూమినియంది, దానికి సోల్డర్ అతకదు. కనెక్టర్‌ని నొక్కి బిగించాల్సిందే.

పాత పైపు మీద బూస్టర్ డబ్బా ఉంటే దాన్నీ విప్పేయండి. దూరపు రిలే కేంద్రం బొమ్మ పడటానికి అప్పట్లో పెట్టుకున్నది అది. దానికి కరెంటు అదే వైరు గుండా పైకి పోయేది. ఇంట్లో ఉన్న ఆ అడాప్టర్‌ని మర్చిపోయి డాంగిల్‌ని ఆ వైరుకే తగిలిస్తే డాంగిల్ కాలిపోవచ్చు. పైగా పాత బూస్టర్ మంచి సంకేతంతో పాటు రొదను కూడా అంతే పెంచుతుంది.

కడ్డీల పొడవుతో పాటు చూడాల్సిన రెండోది ధ్రువణం. తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఏ దిక్కుకు ఊగుతుందో కడ్డీ కూడా ఆ దిక్కునే ఉండాలి. దూరదర్శన్ తరంగాలు అడ్డంగా ఊగేవి, అందుకే మన యాంటెన్నా కడ్డీలన్నీ నేలకు సమాంతరంగా ఉంటాయి. వాహనాల్లో, చేతి సెట్లలో వాడే రేడియోల కడ్డీ నిలువుగా ఉంటుంది కాబట్టి హామ్ రిపీటర్లు, అంటే అందుకున్న మాటను తిరిగి ప్రసారం చేసే కేంద్రాలు, కూడా నిలువు ధ్రువణంలోనే పని చేస్తాయి. అడ్డంగా ఉన్న యాంటెన్నాతో నిలువు తరంగాన్ని అందుకోబోతే సిద్ధాంతం ప్రకారం ఏమీ రాదు. వాస్తవంలో గోడల మీద పడి చెదిరి వచ్చేదాని వల్ల నూరో వంతు వరకు దక్కుతుంది. నూరో వంతు అంటే 20 డెసిబెళ్లు. ఎంత ఖరీదైన రిసీవర్ కొన్నా తిరిగి రాని నష్టం ఇది. యాంటెన్నాను తొంభై డిగ్రీలు తిప్పితే పైసా ఖర్చు లేకుండా తిరిగొస్తుంది.

తిప్పినప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఇప్పుడు కడ్డీలు నిలువుగా ఉన్నాయి, పట్టుకున్న ఇనుప పైపూ నిలువుగానే ఉంది. కడ్డీల మధ్య ఉన్న పైపు తానూ ఒక కడ్డీలా ప్రవర్తించి యాగీ లెక్కను చెడగొడుతుంది. అందుకని పట్టీని మధ్యలో కాకుండా వెనక కొసన, రిఫ్లెక్టర్‌కి వెనక బిగించాలి. లేదా పై రెండు మీటర్లు పీవీసీ పైపో వెదురు బొంగో వాడాలి. ఈ విషయంలో వెదురు బొంగుతో నెగ్గుకొచ్చిన మన పల్లెలు ఇనుప పైపు వేసిన పట్నాల కంటే మెరుగు.

మీది కింది బ్యాండు యాంటెన్నా అయితే అదృష్టవంతులు. పొడుగు కడ్డీని కోసి పొట్టి చేయవచ్చు గానీ, పొట్టిదాన్ని సాగదీయలేం. హామ్‌ల రెండు మీటర్ల బ్యాండు మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు. దానికి డైపోల్ 98 సెంటీమీటర్లు, రిఫ్లెక్టర్ సుమారు 103, డైరెక్టర్ సుమారు 92, ఒక్కోదాని మధ్య దూరం 40 సెంటీమీటర్ల దాకా పెట్టుకుంటే మూడు కడ్డీల యాగీ తయారు. హాక్సా బ్లేడు, డ్రిల్లు ఉంటే ఒక ఆదివారం పని. మడత డైపోల్‌ని కోస్తే మడత పోతుంది కాబట్టి దాన్ని రెండు ముక్కల మామూలు డైపోల్‌గా మార్చుకోవాలి, అప్పుడు 300 ఓముల బాలన్ అక్కర్లేదు.

పై బ్యాండు యాంటెన్నాతో 145 మెగాహెర్ట్జ్ వినాలంటే అంత సులువు కాదు. 71 సెంటీమీటర్ల డైపోల్ అక్కడ పొట్టిది, డైరెక్టర్లు మరీ పొట్టివి, సాయం చేయవు. ఇంట్లో పెట్టిన చిన్న కడ్డీ కంటే డాబా ఎత్తు వల్ల కొంత నయంగా వినపడుతుంది, అంతే. కానీ దాన్ని విప్పితే చేతికొచ్చే కడ్డీలతో ఇంకా మంచిది చేయవచ్చు. దాని డైరెక్టర్లు ఒక్కోటి సుమారు 65 సెంటీమీటర్లుంటాయి. రెండు తీసుకుని 53.4 సెంటీమీటర్లకు కోయండి. ఒక చెక్క ముక్క మీద 120 డిగ్రీల కోణంలో వి ఆకారంగా, ఒకదాన్నొకటి తాకకుండా బిగించండి. ఒకదానికి వైరు లోపలి తీగ, రెండోదానికి పై అల్లిక. ఈసారి మల్టీమీటర్ బీప్ మనకూడదు. 2017లో క్రొయేషియాకు చెందిన ఒక హామ్ ప్రచారంలోకి తెచ్చిన కొలతలివి. పాత పోర్టబుల్ టీవీ మీద లాగితే పొడుగయ్యే రెండు చెవుల యాంటెన్నా అటక మీద ఉంటే కోత కూడా అక్కర్లేదు. చెవులు 53 సెంటీమీటర్లకు లాగి, పడుకోబెట్టి, కోణం సరిచేస్తే చాలు.

ఆ వి దేనికంటే, 137 మెగాహెర్ట్జ్ దగ్గర భూమికి బొమ్మలు పంపే వాతావరణ ఉపగ్రహాల కోసం. ఈ సరదాలో అడుగుపెట్టిన వాళ్లందరికీ మొదటి పాఠం అమెరికావారి నోవా-15, 18, 19 ఉపగ్రహాలు. వాటి టిక్కుటిక్కుమనే అనలాగ్ శబ్దాన్ని వింటూ వరస వరసగా మేఘాలు తెర మీద ఏర్పడటం చూసిన తరాలున్నాయి. 2025 జూన్, ఆగస్టు నెలల్లో మూడింటినీ విశ్రాంతికి పంపేశారు. వాటిలో అన్నిటికంటే పాతదైన నోవా-15 1998లో ఎగిరింది. ఇప్పుడు అదే బ్యాండులో రష్యా మెటియోర్-ఎం వరస ఉపగ్రహాలు, 2023లో ఎగిరిన ఎన్2-3, 2024లో ఎగిరిన ఎన్2-4, 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర డిజిటల్ బొమ్మలు పంపుతున్నాయి. నోవా బొమ్మ కంటే ఇది స్పష్టం, ఒక్కో చుక్క నేల మీద ఒక కిలోమీటరు. బొమ్మ వెడల్పు 2,800 కిలోమీటర్లు.

వి యాంటెన్నాను నేలకు సమాంతరంగా, తెరిచిన నోరు ఉత్తరానికో దక్షిణానికో ఉండేలా పెట్టాలి. ధ్రువాల మీదుగా తిరిగే ఈ ఉపగ్రహాలు అటు నుంచి ఇటే వస్తాయి. ఉపగ్రహ తరంగం ఊగే దిక్కు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి, ఒకే దిక్కున ఉన్న మన కడ్డీలకు అందులో సగమే అందుతుంది. మూడు డెసిబెళ్ల నష్టం. కానీ అదే సమయంలో చుట్టుపక్కల నిలువు ధ్రువణంలో ఊగే నేల మీది సంకేతాలు 20 డెసిబెళ్లు తగ్గిపోతాయి. మూడు పోగొట్టుకుని ఇరవై సంపాదించడం ఎలా చూసినా లాభసాటి బేరమే.

ఉపగ్రహం హైదరాబాద్ నడినెత్తి మీదుగా పోయే రోజున చూడండి. ఉత్తరాన అది ఇంకా హిమాలయాలకు అవతల ఉండగానే, తెర మీద కిందికి జారే రంగుల ప్రవాహంలో 137.9 దగ్గర సన్నటి గీతలా కాకుండా వెడల్పాటి చదునైన దిబ్బ ఒకటి లేస్తుంది, అది డిజిటల్ సంకేతపు ఆకారం. నిమిషాలు గడిచేకొద్దీ దిబ్బ ఎత్తు పెరుగుతుంది, అది కొద్దికొద్దిగా ఎడమ పక్కకు జరుగుతుంది. దగ్గరికొచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ అసలు కంటే మూడు కిలోహెర్ట్జ్‌ల దాకా ఎక్కువగా, దూరమయ్యేటప్పుడు అంతే తక్కువగా కనిపిస్తుంది. రైలు కూతలో మనం వినే డాప్లర్ ప్రభావమే ఇది. పావుగంట లోపు అది హిందూ మహాసముద్రం మీదికి దిగిపోతుంది. శాట్‌డంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను విప్పితే బంగాళాఖాతం మీద మేఘాలు ఎక్కడ చుట్టలు తిరుగుతున్నాయో కనిపిస్తుంది. తుపాను రోజుల్లో టీవీలో ఎవరో చూపించే ఉపగ్రహ చిత్రాన్ని మన డాబా మీది రెండు అల్యూమినియం ముక్కలతో మనమే దించుకోవడం కోస్తా జిల్లాల పిల్లలకు ఒక్కసారైనా చూపించాల్సిన విషయం. బడుల్లో సైన్సు మాస్టార్లు ఈ పని తలకెత్తుకుంటే ఎంత బాగుంటుందో.

అన్నీ సరిగ్గా చేసినా రొద ఎక్కువగా ఉంటే కారణం ఎక్కువగా ఇంట్లోనే దొరుకుతుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, వైఫై పెట్టె అడాప్టర్లు, వీటిలోని స్విచింగ్ సర్క్యూట్లు వీహెచ్‌ఎఫ్ అంతటా రొద చిమ్ముతాయి. ఒక్కొక్కటి ఆపుతూ తెర మీద రొద మట్టం చూస్తే దొంగ దొరుకుతాడు. కిటికీ దగ్గరి కడ్డీ కంటే డాబా మీది యాంటెన్నా మెరుగ్గా వినడానికి ఎత్తుతో పాటు ఈ రొదకు దూరం కావడం కూడా కారణమే. ఎత్తు లెక్కా చూడండి. రెండు మీటర్ల ఎత్తు నుంచి రేడియో దిగంతం ఆరు కిలోమీటర్ల లోపు, పది మీటర్ల డాబా నుంచి 13 కిలోమీటర్లు.

నగరాల్లో ఇంకో శత్రువు ఎఫ్.ఎం. స్టేషన్లు. 88 నుంచి 108 మధ్య వాటి బలం చిన్న డాంగిల్‌ని ముంచేసి, పక్కనున్న బలహీన సంకేతాలను వినపడకుండా చేస్తుంది. దీనికి ఫిల్టర్ కొనవచ్చు. కొనకుండా కూడా ఒక దారి ఉంది. మిగిలిపోయిన ఆర్‌జీ-6 ముక్కను సుమారు 63 సెంటీమీటర్లు కోసి, టీ ఆకారపు కనెక్టర్‌తో ప్రధాన వైరుకు ఒక పక్క కొమ్మలా తగిలించి, రెండో కొసను ఊరికే తెరిచి వదిలేయండి. ఆ ముక్క 98 మెగాహెర్ట్జ్‌కి వైరులోని తరంగదైర్ఘ్యంలో పావు వంతు. తెరిచిన కొస నుంచి వెనక్కి మళ్లిన తరంగం టీ దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా షార్టులా మారి, ఆ ఫ్రీక్వెన్సీని అక్కడే అణిచేస్తుంది. కాస్త పొడుగు కోసుకుని, మీ ఊరి బలమైన స్టేషన్ తెర మీద బాగా కుంగేదాకా అర సెంటీమీటరు చొప్పున కత్తిరించుకుంటూ రండి.

చివరిగా, 145 మెగాహెర్ట్జ్‌కి కోసుకున్న మూడు కడ్డీల యాగీతో ఏం వినాలి? మొదట మీ ఊరి హామ్ రిపీటర్ వినండి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు బడి పిల్లలతో మాట్లాడే 145.800 వినండి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన మన హామ్‌శాట్ కూడా ఈ బ్యాండులోనే కిందికి మాట్లాడేది. 42.5 కిలోల ఆ చిన్న ఉపగ్రహం 2014లో బ్యాటరీలు పాడై మూగబోయే దాకా దేశదేశాల హామ్‌లను కలిపింది.

నేనైతే ముందుగా ఆస్కార్-7ని వెతకమంటాను. 1974 నవంబర్ 15న ఎగిరిన హామ్‌ల ఉపగ్రహం అది. 1981లో దాని బ్యాటరీ షార్టయి, సౌర ఫలకాల కరెంటు మొత్తం ఆ షార్టులోకే పారి, ఉపగ్రహం చచ్చిపోయింది. అందరూ మర్చిపోయారు. 2002 జూన్‌లో అది హఠాత్తుగా మళ్లీ పలికింది. అన్నేళ్ల తర్వాత బ్యాటరీలోని ఆ షార్టు తెగిపోవడంతో ఫలకాల కరెంటు నేరుగా రేడియోకి అందసాగింది. నిల్వ లేదు కాబట్టి ఎండ తగిలినంతసేపే పని చేస్తుంది, భూమి నీడలోకి పోగానే ఆగిపోతుంది, మళ్లీ ఎండలోకి రాగానే తనంతట తానే మొదలవుతుంది. దాదాపు 1,450 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి హైదరాబాద్ మీదికి వచ్చినప్పుడు ఇటు థాయిలాండ్ హామ్‌నీ, అటు గల్ఫ్ హామ్‌నీ ఒకేసారి చూడగలదు. దాని గొంతు 145.925 నుంచి 145.975 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్ పెట్టి, యాగీని చేత్తో పట్టుకుని ఉపగ్రహం వెంట నెమ్మదిగా తిప్పండి. మాట మింగుడు పడనట్టు వంకరగా వినిపిస్తే డాప్లర్ వల్ల జరిగిన ఆ కొద్దిపాటి తేడాకి ట్యూనింగ్‌ను జరుపుతూ ఉండండి. సంకేతం తగ్గినప్పుడు యాంటెన్నాను దాని అక్షం మీద పావు వంతు తిప్పి చూడండి, ఉపగ్రహం గిర్రున తిరుగుతూ ఉంటుంది కాబట్టి ధ్రువణం మారిపోతూ ఉంటుంది. ఒక దాటు ఇరవై నిమిషాల దాకా సాగుతుంది, కాబట్టి ఇవన్నీ చేసి చూసుకోవడానికి తీరిక ఉంటుంది.